శాంతి పట్టా

పోనీ, పోయేవాళ్ళని పోనీ, ఆశీర్వచనం దాకా కూర్చోలేనివాళ్ళకి ఈ ఇస్త్రీ చీరలెందుకో, ఈ తోలు సంచుల్లో బైబిళ్ళెందుకో, మొదట లేచింది సంఘ పెద్ద యేసుపాదం, మబ్బు వంక ఒక చూపు, చెప్పుల వంక ఒక చూపు, దగ్గొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని జారుకున్నాడు, ఆయన మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి మరి, వెనకే ఇద్దరు, ఆ వెనక నలుగురు, లోపల పాస్టరు గారు సిలువ ఎత్తుకుని నడవడమంటే ఏమిటో చెబుతూనే ఉన్నారు, వినేవాళ్ళేరీ, అంతా నామకార్థ క్రైస్తవులు, అని పళ్ళు నూరుకుంది జయకుమారి, ముప్ఫై ఏళ్ళలో తను ఒక్కసారైనా ఆరాధన మధ్యలో లేచిందా, పెద్దాడు కడుపులో ఉండగా నొప్పులొచ్చినా ఆశీర్వచనం అయ్యాకే లేచింది, ఆ సాక్ష్యం స్త్రీల సమాజంలో ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి ఎక్కదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఇదిగో ఇప్పుడీ తుమ్ములొకటి, రేకుల పందిట్లో కూర్చున్న ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు, వాక్యం వినేటప్పుడైనా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకూడదూ.

అక్కా, మబ్బు మన శాంతి కల్లం మీదికే వస్తోందే, అని పక్కనున్న మహిమ గుసగుస, దేవుడు చూసుకుంటాడు, ముందు వాక్యం విను, అని గదిమింది గానీ ఆ పేరు చెవిలోంచి పోదే, బుధవారం పొద్దున మొగుణ్ణి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తూ శాంతి ఆటోలోంచి చెయ్యి పట్టుకుంది, జయక్కా, కాయలు ఇంకా ఎండలేదు, వానొస్తే చూస్తావు కదూ, చూస్తాంలే, సంఘమంతా లేమా, నువ్వు ధైర్యంగా వెళ్ళు, అని తను ఎంతసేపు ప్రార్థించిందో, ఆటో హారన్ మోగుతున్నా ఆమెన్ అనలేదు, ఒక్క జల్లు పడితే కాయ నల్లబడిపోతుంది, నల్లబడ్డ కాయని మిర్చి యార్డులో ఎవడూ ముట్టడు, వాళ్ళ ఏడాది కూడు అదే, అయినా యేసుపాదం వెళ్ళాడుగా, తనవి కప్పుకున్న చేత్తోనే శాంతివీ కప్పకూడదా, కప్పడు మహానుభావుడు, ఎవరిది వాళ్ళదే, అసలు కప్పడానికి శాంతి కల్లంలో పట్టా ఏదీ.

పట్టా ఏదీ, మళ్ళీ ఎవరో తుమ్మారు, మిరప ఘాటు, కింద నుంచే, అరచేత్తో తడిమింది, నీలం టార్పాలిన్ పట్టా, మడతల్లో మిరప గింజలు, శ్రమకాలం ప్రార్థన కూటాలకి గుళ్ళో జనం పట్టడం లేదు, ఆడవాళ్ళు కూర్చోవడానికి నీ పట్టా ఇవ్వవే, అని పది రోజుల కింద అడిగి తెచ్చింది ఎవరు, తనే, గుడికిచ్చిన దాన్ని శాంతి నోరు తెరిచి తిరిగి ఎలా అడుగుతుంది, తనేమో దాని మీదే బాసింపట్టు వేసుకుని ఊళ్ళోవాళ్ళ విశ్వాసాన్ని తూకం వేస్తోంది, ఛీ, తన కాయలు పోయిన వారమే యార్డుకి చేరాయి, తన కల్లం ఖాళీ, అందుకేగా ఇంత నిబ్బరం, రేకు మీద చినుకు టప్పున పడింది, లోపల చివరి పాట ఎత్తుకున్నారు, ఆశీర్వచనం ఇంకా కాలేదు, లేవండే, లేవండమ్మా, ఈ గొంతు తనదేనా, మహిమా, ఆ కొస పట్టు, పాస్టరు గారు పాట ఆపి చూస్తున్నారు, చూడనీ, చుట్టిన పట్టా నెత్తికెత్తుకుని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది, శాంతి చెయ్యి పట్టుకుని చేసిన ప్రార్థన బుధవారంతో అయిపోలేదు, దాని మిగతా సగం ఇదిగో, తన నెత్తి మీద ఉంది.