కళ్లకద్దుకునే చెయ్యి

వనపర్తిలో మా కాలేజీ వర్క్‌షాపులో ఉన్న రోబో చేతికి పని నేర్పింది మా అన్న రాఘవేందర్. నేర్పిన పని చిన్నదే. ఉక్కు కడ్డీని దానికి సరిగ్గా సరిపోయే రంధ్రంలోకి దించాలి. వెంట్రుకంత తేడా వచ్చినా ఇరుక్కుంటుంది. అందుకే దాని మణికట్టు దగ్గర ఒత్తిడి తెలుసుకునే సెన్సర్ పెట్టాడు. అంచు తగిలితే ఏ వైపు ఒత్తుతోందో గ్రహించి, చెయ్యి కాస్త వెనక్కి తగ్గి సర్దుకుంటుంది.

అన్న ఆ రోబో చేతిని తన చేత్తో పట్టుకుని నడిపించి, కదలికలన్నీ దానికి ఎక్కించాడు. గద్వాల నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాళ్లం. మగ్గం మీద అడ్డపోగు నడిపే నాడె పట్టేముందు కళ్లకద్దుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? కడ్డీని కూడా అద్దుకున్నాడు. అదీ ఎక్కింది. నేను పడీపడీ నవ్వాను. తీసేద్దాంలే అన్నాడు. ఆ వారమే హైదరాబాదు బస్సు బోల్తాపడి చనిపోయాడు.

అప్పటినుంచి ఆ చెయ్యి ప్రతిసారీ కడ్డీని అన్న కళ్లు ఉండే ఎత్తుకు లేపి, కాసేపు ఆగి, దించుతోంది. అక్కడ మొహం లేదు. ఆ ఖాళీ చోటు చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. అయినా తీసెయ్యడానికి చేతులు రాలేదు.

వదిన రాధమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి దాని ఎదురుగా స్టూలు మీద కూర్చునేది. తిండి లేదు, పలుకు లేదు. మనిషి సగమైపోయింది. బతికుండగా ఇంటిపట్టున ఉండని మహానుభావుడు, పోయాక ఇల్లాలిని కూడా ఉండనివ్వడం లేదని నాకు మండేది.

ఒకరోజు భయపడుతూనే అడిగాను. "వదినా, ఆ కండ్లకద్దుకునేది తీసేస్తే నీకు బాధైతదా?"

"తీసెయ్యొస్తదా?"

"వస్తది. నువ్వు సూస్తందుకు వస్తున్నవని ఉంచిన."

"సూస్తందుకు రాలే, సుహాసినీ. ఆయన పనిల ఉండంగ నేనొక్కదాన్ని ఇంట్ల కూసోని అన్నమెట్ల తింట? పనైపోతే తోల్కపోదామని కూసుంటున్న."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆ భాగం చెరిపేసి మీట నొక్కాను. చెయ్యి కడ్డీని పట్టుకుంది. పైకి లేవలేదు. తిన్నగా వెళ్లి, అంచును తడిమి, సర్దుకుని, లోపలికి దించేసింది.

వదిన దిగిన కడ్డీ వైపు వేలు చూపించింది.

"ఇప్పుడు జేసిందెవరు?"

"మిషనే, వదినా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"అయితే పా. ఆకలైతున్నది."