గుడి కప్పు బొమ్మల మీద నా కడుపుమంట

నేను ఒక అద్దాన్ని. కటింగ్ షాపు అద్దాన్ని. ఓర్వలేనిదాన్ని కూడా. ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోకండి.

నన్ను ఏ ఊళ్లో చేశారో, నా వీపుకు పాదరసం పూసిందెవరో నాకు తెలియదు. కొలిమి దగ్గర చెమటోడ్చినవాడి పేరు ఎవడు రాసిపెడతాడు? నాకు బుద్ధి తెలిసేసరికి కదిరప్ప షాపులో మేకుకు వేలాడుతున్నాను. ఇరవై రెండేళ్లు ఊరు ఊరంతా నాలోకే చూసుకుంది. గుడ్డ కప్పుకుని కుర్చీలో కూర్చుంటే సర్పంచి అయినా కూలివాడయినా ఒకటే. మెడ వంచమంటే వంచాల్సిందే.

గిరాకీ లేనప్పుడు కదిరప్ప నా ఎదుట నిలబడి సన్నాయి సాధన చేసేవాడు. గుడిలో మేళం సేవ తరతరాలుగా వాళ్ల ఇంటిదే. బుగ్గలు బూరెల్లా పొంగేవి. ఎడమ కనుబొమ పైకి లేచేది. ఆ ముఖం నాదే అనుకున్నాను.

ఒక ఎండాకాలం కదిరప్ప పోయాడు. దినాలయ్యాక భార్య ఓబుళమ్మ షాపు తెరిచి, కొంగుతో నన్ను తుడిచింది. మళ్లీ తుడిచింది. వెతికింది. నాలో ఆమె ముఖమే ఉంది. రోజూ చూసిన మనిషిని ఒక్క పూటకైనా దాచుకోలేకపోయాను. ఛీ, అద్దం బతుకు!

ఆ తర్వాత ఓబుళమ్మకు గుడిలో ఊడ్చే పని దొరికింది. ఐదు వందల ఏళ్ల రాతి గుడి. మంటపం కప్పు నిండా రంగుల్లో గీసిన శివపార్వతుల పెళ్లి బొమ్మలు. లోపల చీకటి. అందుకని ఆమె నన్ను మోసుకొచ్చి, గుమ్మం దగ్గర ఎండలో పట్టుకుని, వెలుగును కప్పు మీదికి కొట్టేది. వచ్చినవాళ్లు నోళ్లు తెరిచేవారు. ఆహా పెళ్లికూతురు, ఆహా చీర అంచు! వెలుగు నాది, పొగడ్త ఆ బొమ్మలది. ఒక్కడు నాకేసి చూస్తే ఒట్టు. పైగా గైడు పంపాపతి కసురు: "ఏమ్మే ఓబుళమ్మా, కదిలీకు! అమ్మోరి ముఖం మీదే పెట్టల్ల!"

అసలు మంట అది కూడా కాదు. కప్పు మీది ఆ సున్నపు పూత ఐదు వందల ఏళ్లుగా ముఖాలను పట్టుకుని ఉంది. నేను ఒక్క ముఖాన్నీ పట్టలేకపోయాను.

ఒక రోజు ఆమె చెయ్యి జారి వెలుగు ఈశాన్యం మూలకు పోయింది. అక్కడ పెళ్లి మేళం. చివరన ఒక సన్నాయి మనిషి. పొంగిన బుగ్గలు, లేచిన ఎడమ కనుబొమ.

"ఓయమ్మ! మా ఇంటాయనే!" అంది ఓబుళమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మూల కప్పు కారుతోంది. తడి మచ్చ అప్పటికే వాడి మోకాలి దాకా ఎక్కింది. ఇంకో రెండు వానలకు రాలిపోతాడు. రాలిపోనీ అనుకున్నాను, అబద్ధమెందుకు?

ఏ బొమ్మలు బాగుచేయాలో రాసుకోవడానికి పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన కాగితంలోకి ఎక్కినవి బతుకుతాయి, ఎక్కనివి పోతాయి.

"ఆ మూల చూపీకు మే," అన్నాడు పంపాపతి. "ఏముండాది ఆడ? మేళగాళ్లు. వాళ్లనెవరు చూస్తారు?"

"మేళం లేకుండా యాడన్నా పెండ్లి జరిగిందా సామీ?" అంటూ ఓబుళమ్మ నన్ను గిర్రున మూలకు తిప్పింది.

"పని పోతాది చూడు! తిప్పు ఇట్ల!"

"తిప్పను. సారు రాసుకునేదాకా తిప్పను."

వెలుగు సన్నాయి మీదే ఉంది. ఆఫీసరు మెడ ఎత్తి చాలాసేపు చూశాడు. "ఈ తడి ఎప్పటినుంచి?" అన్నాడు. రాసుకున్నాడు.

కప్పు బాగుపడింది. వాడు నిలిచాడు. ఓబుళమ్మ పనీ నిలిచింది. పంపాపతి ఇప్పుడు "మేళం చూడండి సార్, నేనే కనిపెట్టినా" అంటాడు. సిగ్గు లేకపోతే సరి.

పెళ్లికూతురి కింద కరెంటు దీపాలు పెట్టారు. మూలకు పెట్టలేదు. రోజూ పొద్దున ఊడ్చాక ఓబుళమ్మ నన్ను ఎత్తుకుని వాడి మీద వెలుగు వేసుకుంటుంది. నా రసం ఊడిపోతోంది, చూడదు. వాణ్నే చూస్తుంది.

నిన్న మబ్బు పట్టింది. నన్ను ఒళ్లో పెట్టుకుని ఎండ కోసం కూర్చుంది. చేసేదేమీ లేక నాలోకి చూసింది. ముక్కు తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది.

ఆ మబ్బు కదలకూడదని మొక్కుకున్నాను. గుడిలోనే ఉన్నాను కదా.