సైగల్లో లేని తిట్లు

పిట్ట బడిసంచీ భుజాన వేసుకుని, బట్టల సంచీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "అమ్మమ్మా, నేనింక నీ దగ్గరే ఉంటాను" అంది. నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమే వేసింది. పదమూడేళ్ల మనవరాలు తనంతట తాను వచ్చి ఉంటానంటే ఏ అమ్మమ్మకి చేదు? చిన్నప్పుడు నాలుగు మెతుకులు కతికి లేచిపోయేదని పిట్ట అన్నాం. ఇప్పుడు నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటుంది గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

సంతోషం వెనకే కోపం వచ్చింది. నా కూతురి మీదా, అల్లుడి మీదా. వాళ్లిద్దరూ ఊరి చివర దుంగలు కోసే మిల్లు నడుపుతారు. అల్లుడు రంపానికి ఇవతల నిలబడి దుంగను తోస్తే, నా కూతురు అవతల నిలబడి పలకల్ని అందుకుంటుంది. మిల్లులో అంత పొందికగా పనిచేసేవాళ్లు ఇంటికొచ్చేసరికి ఉప్పూ నిప్పూ అయిపోతారు. చెప్పులకున్న రంపపు పొట్టు గుమ్మం బయట దులపలేదని మొదలై, "మీ వంశమే అంత" దాకా వెళ్తుంది. నా కూతురి తీరు ఇంకా విచిత్రం. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. 'మీరు' కాస్తా 'తమరు' అయిందంటే ఇక ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

"ఏమైందే?" అంటే పిట్ట చెప్పదు. "ఏం లేదు, రోజూ ఉండేదే" అంటుంది. ఫోన్ చేస్తే నా కూతురు ఏడ్చింది. అల్లుడు మాత్రం, "రెండ్రోజులు ఉండనివ్వండి అత్తయ్యా, అదే వచ్చేస్తుంది" అన్నాడు. రెండ్రోజులు కాస్తా రెండు వారాలయ్యాయి. పిట్ట నా కుట్టుమిషన్ పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే ముచ్చటగానే ఉండేది. కానీ వీధిలో మోటారు సైకిల్ ఆగిన చప్పుడైతే చాలు, వాళ్ల నాన్నేమోనని తలెత్తి చూసేది. కాదని తెలిశాక మళ్లీ పుస్తకంలోకి తల దించుకునేది. అది చూశాక నా ముచ్చటకి నాకే సిగ్గేసింది.

నేను కర్టెన్లు కుడతాను. ఆ వారమే గ్రంథాలయం వెనక గదికి కర్టెన్లు కావాలంటే కొలతలకి వెళ్లాను. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. "ఇక్కడేమైనా ఆటలాడతారా?" అని అడిగాను. కర్టెన్లు పురమాయించిన కౌన్సెలరమ్మ నవ్వి, "శనివారం సాయంత్రాలు ఈ చుట్టుపక్కల తల్లిదండ్రులు వస్తారండీ. ఇంట్లో గొడవలు ఎలా తగ్గించుకోవాలో మాట్లాడుకుంటారు" అంది. చేతిలో ఉన్న టేపు అలాగే కిటికీకి వేలాడదీసి, అక్కణ్ణుంచే అల్లుడికి ఫోన్ చేశాను.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు అత్తయ్యా. మన ఇంటి సంగతి పదిమందిలో పెట్టుకుంటామా?" అన్నాడు.

"పృథివి ఎప్పుడో దాటింది నాయనా. మీరు మొదలుపెడితే మీ వీధివాళ్లు టీవీ కట్టేసి మరీ వింటున్నారు."

"మీరూ వస్తానంటే వస్తాను" అన్నాడు చివరికి. నలభై రెండేళ్ల మనిషి, టీకా వేయించుకోవడానికి వెళ్లే పిల్లాడిలా.

శనివారం ముగ్గురం వెళ్లాం. నా కూతురు ఒక కుర్చీలో, అల్లుడు ఒక కుర్చీలో, మధ్యలో గోడలా నేను. ముందు ఒక బస్సు డ్రైవరు మాట్లాడాడు. "రోజంతా హారన్ కొట్టీ కొట్టీ, ఇంటికెళ్లాక కూడా పెళ్లాం పిల్లల మీద అదే కొట్టేవాణ్ణి" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్లావిడ, "ఇప్పుడు బ్రేకు కూడా వేస్తున్నారులెండి" అంది. అందరూ నవ్వారు. మా అల్లుడు కూడా నవ్వాడు. ఇంటి గుట్టు బయటపెట్టి నవ్వించడమేమిటని నేను మొహం ముడుచుకున్నాను గానీ, ఆ దంపతులు ఒకరినొకరు చూసుకున్న చూపు నాకు నచ్చింది.

మా వంతు వచ్చింది. ఎవరికి వారు తప్పు అవతలివాళ్లదేనని చెప్పడం మొదలుపెట్టారు. నా కూతురు అప్పుడే 'తమరు' దాకా వచ్చేసింది. కౌన్సెలరమ్మ అంతా విని ఒకే మాట అడిగింది. "మీరిద్దరూ గొడవపడని చోటు ఏదైనా ఉందా?"

"మిల్లు" అన్నారిద్దరూ ఒకేసారి.

"అక్కడెందుకు పడరు?"

"రంపం మోతలో గొంతు చించుకున్నా వినపడదండీ. చేతులతోనే మాట్లాడుకుంటాం" అన్నాడు అల్లుడు.

చూపించమంటే ఇద్దరూ సిగ్గుపడుతూ లేచి నిలబడ్డారు. గుప్పిట బిగిస్తే 'ఆపు'. అరచెయ్యి నేలవైపు దించితే 'నెమ్మది'. వేళ్లు ముడిచి గుండెకి ఆనిస్తే 'చెయ్యి జాగ్రత్త'. పొట్ట మీద రెండుసార్లు తడితే 'తిందాం పద'. ఒకరు మొదలుపెట్టిన సైగ రెండోవాళ్లు అందుకుంటున్నారు. పెళ్లయిన పదిహేనేళ్లలో వాళ్లిద్దరూ అంత అందంగా మాట్లాడుకోవడం నేను చూడలేదు.

"మరి తిట్టుకోవాలంటే?" అని అడిగాడు డ్రైవరు.

ఇద్దరూ చేతులు గాల్లో ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దానికి సైగ లేదండీ" అంది నా కూతురు, అదేదో అప్పుడే తెలిసినట్టు.

"అయితే మాట వేడెక్కుతోందనిపించినప్పుడు, మిల్లులో ఉన్నామనుకుని చూడండి" అంది కౌన్సెలరమ్మ. వెళ్లేటప్పుడు డ్రైవరు వాళ్లావిడ నా కూతురి చెయ్యి పట్టుకుని, "మా ఇల్లు మీ వీధి మలుపులోనే. గొడవ తగ్గలేదనుకోండి, ఒకళ్లు లేచి మా ఇంటికొచ్చెయ్యండి. టీ పెడతాను, ఏమీ అడగను" అంది. సొంత తల్లినై ఉండి కూడా, ఏమీ అడగకుండా టీ ఇవ్వొచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

పిట్టకి చెబితే నమ్మలేదు. "సరే, వచ్చే వారం ఆదివారం నీతో మా ఇంటికి భోజనానికి వస్తాను. గొడవైతే మాత్రం నీ వీధి బడిలోనే చేరిపోతాను. అప్పుడు నువ్వు కూడా వెళ్లమనకూడదు" అంది. నేను సరేనన్నాను. అది వెళ్లిపోవాలనీ ఉంది, ఉండిపోవాలనీ ఉంది. ఆ వారమంతా మిషన్ మీద నేను వేసిన కుట్లు ఒక్కటీ తిన్నగా రాలేదు.

ఆదివారం వాళ్లింట్లో నలుగురం భోజనానికి కూర్చున్నాం. నా కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. కాలు వదులైంది.

"చెక్క మిల్లు నడిపేవాళ్ల ఇంట్లో కుర్చీకి కాలు సరిగ్గా లేదు. ఎన్నిసార్లు చెప్పాను మీకు?" అంది నా కూతురు.

"నువ్వే నీ చేత్తో ఒక మేకు కొట్టొచ్చుగా?" అన్నాడు అల్లుడు.

"తమరు..."

పిట్ట చెయ్యి కంచంలో ఆగిపోయింది. అప్పుడు అల్లుడు ఎడమచేతి గుప్పిట బిగించి పైకెత్తాడు. నా కూతురు నోరు తెరిచింది, మూసింది, అరచెయ్యి నేలవైపు దించింది. ఇక మొదలైంది చూడండి చేతుల గొడవ! అతను కుర్చీ చూపించి, వేలు ముందుకి తిప్పి 'రేపు' అంటాడు. ఆవిడ బల్ల మీద వేలితో పొడిచి 'ఇవాళే' అంటుంది. అతను పొట్ట తడుతూ 'ముందు తిననివ్వు' అంటాడు. ఆవిడ చేతులు తిప్పిన తిప్పుడికి నీళ్ల గ్లాసు బోర్లా పడింది. పిట్ట పకపకా నవ్వింది. హమ్మయ్య, గట్టెక్కామనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఇద్దరూ ఒకేసారి పిట్టవైపు తిరిగి, వేలు చూపించి, కనుబొమలు ఎగరేశారు. ఎవరిది రైటో నువ్వే చెప్పు అని.

పిట్ట నవ్వు ఆగిపోయింది. "ఇదే. దీనికే నేను వెళ్లిపోయింది" అంది.

"మేం అరవలేదు కదమ్మా" అన్నాడు వాళ్ల నాన్న.

"అరిచినా ఫర్వాలేదు నాన్నా. ప్రతిసారీ చివరికి నన్ను పిలిచి న్యాయం చెప్పమంటారు. నీదంటే అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడుస్తుంది. అమ్మదంటే నీ మొహం చూడలేను. నాకు మీరిద్దరూ కావాలి. ఒకళ్లని గెలిపించి ఇంకొకళ్లని ఓడించడం నా వల్ల కాదు."

ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగాయంటారు. వీళ్లు లేగని మధ్యలో నిలబెట్టి తీర్పు కూడా చెప్పమన్నారు. అంత చిన్న మనసులో అంత బరువు ఉందని మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. నా కూతురు చాచిన వేలిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. "ఇంకెప్పుడూ అడగం తల్లీ" అంది. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

అల్లుడు కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులూ భుజాల ఎత్తుకి తీసుకొచ్చి, అరచేతులు తెరిచి పిట్టకి చూపిస్తూ అలాగే నిలబడిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు. మిల్లులో పాకుతూ పెరిగిన పిల్ల కదా, దానికి అర్థమైంది. ఎంగిలిచేత్తోనే లేచి పరిగెత్తుకెళ్లి వాళ్ల నాన్నని చుట్టేసుకుంది.

"ఏమిటే ఆ సైగ?" అని కూతుర్ని అడిగాను.

"రంపం ఆగింది, ఇంక దగ్గరికి రావచ్చు అని" అంది నా కూతురు కళ్లు తుడుచుకుంటూ, తనూ లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది.