కడిగి పారేసిన స్ఫటికాలు

నా పన్నెండో స్ఫటికం కూడా టప్పున పగిలింది. నిజానికి చప్పుడేమీ రాలేదు. మైక్రోస్కోపులో కనిపించేదానికి చప్పుడెక్కడిది. పదకొండుసార్లు చూసిన అలవాటుకొద్దీ అది నాకు వినిపించిందంతే.

"శుక్రవారం మూడు గంటలకి వస్తాను మేడమ్," అన్నాడు మా పీహెచ్‌డీ గైడు. నాకన్నా పదకొండేళ్ళు చిన్న. నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడు గోడగడియారం వంక చూసి తిడతాడు. "వెలుగు తగిలితే వంగి, తీసేస్తే మళ్ళీ తిన్నగా అయ్యే స్ఫటికం ఒక్కటంటే ఒక్కటి చూపించండి. లేదంటే టాపిక్ మార్చేద్దాం."

టాపిక్ మార్చడమంటే నాలుగేళ్ళ పని నీళ్ళపాలు. నలభై తొమ్మిదేళ్ళకి మళ్ళీ మొదటి ఏడాది విద్యార్థినిని కావాలి. మావారైతే నా పేరు ముందు 'డా.' అని చెక్కించిన పలక ఒకటి తెచ్చి, బీరువాలో నా చీరల కింద దాచారు. చీర తీసినప్పుడల్లా అది మోచేతికి తగులుతుంది.

పరిశోధనకి రాకముందు ఇరవై ఏళ్ళు ఇదే సంస్థలో స్ఫటికాల లోపలి అమరిక చూసే ఎక్స్‌రే యంత్రం నడిపాను. పరిశోధన చేసే పిల్లలు సీసాల్లో స్ఫటికాలు తెచ్చేవారు. యంత్రానికి కావలసింది లావుగా, నిగనిగలాడుతూ, ఒక్క గీత కూడా లేని రవ్వ. సూదిమొనతో అలాంటిదాన్ని ఏరి, మిగతా సన్నపోగులన్నీ విదిలించేసేదాన్ని. నా ఏరివేత చూసి పిల్లలు నాకు 'రవ్వల మేడమ్' అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు లోలోపల భలే ఇష్టం.

ఆ గర్వంతోనే సొంత స్ఫటికాలు మొదలుపెట్టాను. పని చెప్పుకోవడానికి తేలికే. నా అణువు మీద వెలుగు పడితే అది ఆకారం మార్చుకుంటుంది. స్ఫటికంలో అణువులన్నీ సర్ది పెట్టినట్టు బిగుసుకుని ఉంటాయి కాబట్టి, కొన్ని కదిలేసరికి మొత్తం పగులుతుంది. అందుకని అణువు చివర ఒక తోక, అంటే కర్బనాల గొలుసు, తగిలించాలి. తోకలు ఒకదాని మీద ఒకటి జారితే పక్కకి జరగడానికి చోటు దొరుకుతుంది. మొదటి మూడింటికి తోక లేదు. నాలుగోదానికి పొట్టి తోక పెట్టాను. ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కో కర్బనం చొప్పున పెంచుకుంటూ పోయాను. పన్నెండోదానికొచ్చేసరికి అణువు కన్నా తోకే పొడుగు. అయినా పగిలింది. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గురువారం సాయంత్రం సీసాల ట్రే తీసుకుని గాజుసామాను కడిగే గదికి వెళ్ళాను. అక్కడ కడిగేది మా బావగారి భార్య, నా తోడికోడలు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆ ఉద్యోగం తనకి నేనే వేయించానని ఏడేళ్ళుగా చుట్టాలందరితో చెప్పుకుంటున్నాను. నిజానికి నోటీసుబోర్డు మీద ప్రకటన చూసి తనే దరఖాస్తు రాసుకుంది. నేను పెన్ను ఇచ్చాను.

"రండి మేడమ్ గారూ," అంది అక్క. పక్కన మనుషులుంటే అలాగే పిలుస్తుంది. పక్కనున్న మనిషి వెళ్ళిపోగానే, "ఏమే, మొహం అలా వేలాడేశావు?" అంది.

"పన్నెండోది కూడా పగిలిందక్కా."

"పగిలేవి లావువేగా. సన్నవి బాగానే వంగుతున్నాయి."

"ఏ సన్నవి?"

"నువ్వు పారేసేవే. ఎంత విదిలించినా సీసా మెడ దగ్గర వెంట్రుకల్లా అంటుకుని ఉంటాయి చూడు, అవి. కిటికీలో పెడితే ఎండకి వంకర తిరుగుతాయి. నీడలో పెడితే కాసేపటికి తిన్నగా అవుతాయి. పొద్దున్నే ఓ రెండు నిమిషాలు వాటితో ఆడుకుని, అప్పుడు కడుగుతాను."

ట్రే కింద పెట్టేశాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలుండవూ."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేమక్కా?"

"నీకు తెలీదని నేనెలా అనుకుంటానే? వంగే స్ఫటికాలు, వంగే స్ఫటికాలు అని ఇంట్లో మా చెవులు చిల్లులు పెడుతున్నావు. తీరా వంగేవాటినే పారేస్తుంటే, ఇంతకన్నా బాగా వంగేవి దొరికాయేమో అనుకున్నాను."

నిలబడ్డచోటే నాకు లెక్క తేలింది. వెలుగు సోకకూడదని నా గదికి నల్లపరదాలు కట్టించాను. ఆ చీకట్లో, ఎర్రబల్బు కింద, లావువి మాత్రం ఏరి వాటికే దీపం చూపించాను. వెలుగు పైపొరకే అందుతుంది. లావుదానిలో ముందువైపు అణువులు కదిలినా వెనకవైపువి కదలవు, అందుకే పగులుతుంది. పలచనిదైతే ఒళ్ళంతా వంచేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి, అందంగా అండర్‌లైన్ కూడా చేసుకున్నాను. చేతివేళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళ అలవాటు మానలేదు.

శుక్రవారం మూడు గంటలకి గైడు వచ్చాడు. పన్నెండో అణువు వెంట్రుక ఒకటి గాజుపలక అంచున అంటించి దీపం వేశాను. అది మెల్లగా తల వంచింది. దీపం తీసేశాను. నిమిషానికల్లా మళ్ళీ నిలబడింది. గైడు పదిసార్లు వేయించాడు, పదిసార్లూ వంగి లేచింది. గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"సన్నవి తీసుకోవాలని ఎలా తట్టింది మేడమ్?" అన్నాడు.

అప్పుడే అక్క ఖాళీ ట్రే కోసం గుమ్మంలోకి వచ్చి ఆగింది. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఎవరైనా నన్ను ఇంత మర్యాదగా ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"నేను," అన్నాను. బీరువాలో పలక గుర్తొచ్చింది. ఆ తర్వాత కిటికీలో సీసా పెట్టుకుని నిలబడ్డ అక్క గుర్తొచ్చింది. "నేను పారేశానండి. చూసింది ఈవిడ. ఎనిమిది నెలల నుంచి చూస్తోంది."

గైడు అక్కని కూర్చోమని, ఎండ ఎంత ఉన్నప్పుడు, ఎంతసేపటికి, ఎటువైపు వంగేవని అడిగాడు. అక్క చెబుతుంటే రాసుకున్నాడు. నన్ను స్టూలు జరపమన్నాడు.

తర్వాత రెండు వారాలు మిగతా పదకొండు అణువుల పొడులన్నిటితోనూ వెంట్రుకలు పెంచాను. తోకలేని మొదటి మూడూ సన్నగా ఉన్నా విరిగాయి. నాలుగోది వంగింది. ఆపైనవన్నీ వంగాయి. అంటే నాలుగో దగ్గరే పని అయిపోయింది, మిగతా ఎనిమిదీ నా ఏరివేత చలవ. ఈ మాట గైడుకి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. ఆయన సంబరపడ్డాడు. తోక పెరిగేకొద్దీ వంపు ఎలా మారుతుందో వరసగా తొమ్మిదింటి మీద చూపించవచ్చట. టాపిక్ మార్చక్కర్లేదన్నాడు. తప్పుని వరసలో పేర్చితే థీసిస్ అవుతుందని నాకు ముందే తెలిసుంటే, పెళ్ళైన కొత్తలోనే డాక్టరునయ్యేదాన్ని.

నోటుపుస్తకంలో 'మొదట గమనించినవారు' అన్నచోట అక్క పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి తీసుకెళ్ళి చూపించాను.

అక్క చేతులు తుడుచుకుని చదివింది. "ఇంటిపేరు ఒకటేగా, చూసినవాళ్ళు నువ్వే అనుకుంటారులే," అంది. "పేరు సంగతి సరే. ఇకనుంచి సీసాలు విదిలించకు. ఉన్నవి ఉన్నట్టు తెచ్చి కిటికీలో పెట్టు. నేను చూశాక కడుగుతాను."

"అలాగే అక్కా," అని పక్కనున్న సీసాల ట్రే తీసి కిటికీలో పెట్టాను.

"అక్కడ కాదు. ఎండ ఇటువైపు పడుతుంది."

ట్రే ఇటువైపు జరిపాను.