మూలికలమ్మకు జోడీ

పెళ్లికి వచ్చిన కానుకల్లో ఐదు గోడగడియారాలు ఉన్నాయి. ఐదింటి మీదా బైబిలు వాక్యాలే, అందులో రెండింటి మీద ఒకే వాక్యం. హూడిలోని ఆ చిన్న ఇంట్లో ఖాళీగా మిగిలింది ఒక్క గోడే కాబట్టి స్టెల్లా ఐదింటినీ మంచం మీద వరసగా పడుకోబెట్టి, రెండు రోజులు పరీక్ష పెట్టి, అన్నిటికంటే నెమ్మదిగా నడిచేదాన్ని ఎంచుకుంది. అది రోజుకు మూడు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. దాన్ని నమ్మి ఆశీష్ ఇప్పటికే రెండుసార్లు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాడు. రెండుసార్లూ నవ్వుకుంటూనే వెళ్లాడు.

స్టెల్లా నర్సు. ఆ నెలంతా ఆమెకు రాత్రి డ్యూటీలే. ఉదయం ఎనిమిదిన్నరకు ఇల్లు చేరుతుంది. తొమ్మిదీ ముప్పావుకు ఆశీష్ బయలుదేరతాడు. పెళ్లయి యాభై రోజులు కావస్తున్నా ఇద్దరూ మెలకువగా ఒకరికొకరు దొరికేది ఆ గంటంపావే. అందులోనే కాఫీ, దోసెలు, బాల్కనీలోంచి కనిపించే మెట్రో రైళ్లు, ముద్దులు, కూరగాయల లిస్టు అన్నీ పట్టాలి. పడుతున్నాయి కూడా. ఇంత చిన్న సంచీలో ఇన్ని సర్దవచ్చని స్టెల్లాకు ఇదివరకు తెలియదు.

అలాంటి గంటంపావులో ఒక మంగళవారం నాడు ఆశీష్ దోసె ముట్టకుండా కూర్చున్నాడు. ఏమైందని రెండుసార్లు అడిగించుకుని, చివరికి చెప్పాడు. శనివారం తన ఆటను ఆపేస్తున్నారట.

ఆ ఆట పేరు ‘ఏడుగుట్టలు’. తొమ్మిదిమంది పనిచేసే చిన్న కంపెనీలో ఆశీష్ మూడేళ్లు కూర్చుని దాని నియమాలు రాశాడు. ఫోన్లోగానీ కంప్యూటర్లోగానీ ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు. చెరొక కోట. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. ఈటెవాళ్లు, విలుకాళ్లు, ఎద్దుబండ్లు, మనిషి ఎత్తు గద్దలు, గాయపడినవాళ్లకు వైద్యం చేసే మూలికలమ్మ. వీళ్లలో ఎవరిని పిలుచుకోవాలో, ఎక్కడ నిలబెట్టాలో ఆడేవాళ్ల ఇష్టం. ఎదుటి కోట పడితే గెలిచినట్టు.

కానీ ఇప్పుడు ఎవరూ ఇష్టంగా ఎంచుకోవడం లేదు. అందరూ గద్దలే. గద్ద ఒకణ్ణి చంపితే దానికి అదే వంతులో ఇంకో దెబ్బ దొరుకుతుంది. ఆ దెబ్బకు ఇంకొకడు చస్తే మరొకటి. ఒక్క వంతులో సగం సైన్యం తుడిచిపెట్టుకుపోతుంది. ఇద్దరూ గద్దలనే తెస్తారు కాబట్టి ముందు దెబ్బ ఎవరు కొడితే వాళ్లే గెలుస్తారు. అలాంటి ఆట ఎన్నాళ్లు ఆడతారు? జనం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆశీష్ గద్దల బలం తగ్గించి చూస్తే ఎద్దుబండ్లు విర్రవీగాయి. ఎద్దుబండ్లను తగ్గిస్తే అందరూ విలుకాళ్ల మీద పడ్డారు. విసిగిపోయి మళ్లీ మొదటి నియమాలకే వచ్చాడు. యజమాని మోహన్‌కుమార్ మంచివాడే, పిలిచి మెల్లగానే చెప్పాడు: “సర్వర్ శనివారం దాకా ఉండాదప్పా. ఆమీట నేనేం చెయ్యలేను.”

“దీన్ని డామినెంట్ స్ట్రాటజీ అంటారు” అన్నాడు ఆశీష్, చల్లారిన దోసె వైపు చూస్తూ. “అవతలివాడు ఏం చేసినా సరే, నీకు ఆ ఎత్తే మేలు. అలాంటిది ఒక్కటి దొరికితే ఆట చచ్చిపోయినట్టే. పెట్టింది నేనే.”

“ఏం చేసినా అంటున్నావు” అంది స్టెల్లా. “అవతలివాడు అన్నీ చేసి చూశాడా?”

ఆశీష్ తలెత్తాడు. లక్షన్నర ఆటల లెక్క ఉంది తన దగ్గర. కానీ ఆ లక్షన్నరలోనూ జనం చేసింది నాలుగైదు రకాలేనని అతనికి ఆ క్షణంలోనే తట్టింది. స్టెల్లా దోసెను మళ్లీ పెనం మీద వేసి వేడిచేసి, అతని నోట్లో ఒక ముక్క కుక్కి, ఆట నేర్పమంది.

బుధవారం ఆమె రెండుసార్లు చిత్తుగా ఓడింది. ఆమె తప్పు ఏమిటో ఆశీష్‌కు వెంటనే అర్థమైంది. ఈటెవాడికి గాయమై, తలమీది పచ్చగీత ఎర్రగా మారితే ఆమె చూడలేకపోతోంది. వాణ్ణి ముందు వరస నుంచి తప్పించి మూలికలమ్మ పక్కకు తీసుకుపోతోంది. ఒక వంతు అక్కడ కదలకుండా ఉంటే గాయం మానుతుందని నియమం ఉంది, నిజమే. కానీ ఆడేవాళ్లెవరూ దాన్ని వాడరు. యుద్ధంలో వంతు వృథా చేస్తారా?

“సిక్ లీవు ఇస్తున్నావా వాడికి?” అని ఏడిపించాడు.

“ఎర్రగీతతో డ్యూటీ చేయిస్తారా ఎవరైనా?” అంది ఆమె సీరియస్‌గానే.

గురువారం ఉదయం బస్సులో వస్తూ ఆమె ఒక ఆసుపత్రి చీటీ వెనక ఏదో గీసుకుంది. అది వార్డులో నర్సుల షిఫ్టుల పట్టికలాగే ఉంది. ఆరుగురు ఈటెవాళ్లు. ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, మూలికలమ్మ పక్కన ఇద్దరు. దెబ్బ తిన్నవాడు వెనక్కి, నయమైనవాడు ముందుకు. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఆట పెట్టింది.

పదో వంతుకు ఆశీష్ నవ్వడం మానేశాడు. గద్దలు వచ్చి కొడుతున్నాయి, కానీ ఎవరూ చావడం లేదు. ప్రతిసారీ ముందు నిలబడింది నిండు బలంతో ఉన్న మనిషి. వాడు గాయపడతాడు, చావడు. ఎవరూ చావకపోతే గద్దకు రెండో దెబ్బ దొరకదు. రెండో దెబ్బ లేని గద్ద ఈటె ముందు పావురం. ఇరవైతొమ్మిదో వంతులో ఆశీష్ కోట కూలింది. వంటింట్లో పాలు పొంగి స్టవ్వంతా పారాయి. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

గద్దల బలం చంపడంలో ఉంది, అన్నాడు ఆశీష్ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. ఎవరూ చావకుండా ఉంటే వాటికి తిండే లేదు. తను రాసిన నియమం తనకే కొత్తగా కనిపించింది.

ఆఫీసుకు వెళ్లి చెబితే మోహన్‌కుమార్ నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. శనివారం పొద్దున పదకొండుకు సొన్నప్పను పిలిపిస్తానన్నాడు. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ అతను. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఆడి, వరసగా రెండువందల పదకొండు ఆటలు గద్దలతోనే గెలిచాడు. నియమాలు ఒక్కటీ మార్చకూడదు. స్టెల్లాతో మూడు ఆటలు. మూడింటిలో ఒక్కటైనా గద్దలు ఓడితే సర్వర్ ఉంటుంది. లేకపోతే ఆ సాయంత్రమే తీసేస్తారు.

శనివారం స్టెల్లా నిద్రపోకుండా స్నానం చేసి, పెళ్లి తర్వాత మొదటి ఆదివారం చర్చికి కట్టుకున్న నీలం చీర కట్టుకుని ఆశీష్ ఆఫీసుకు వెళ్లింది. సొన్నప్ప అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, చొక్కా మడతలు నలగకుండా వచ్చాడు. ఆమెను చూసి లేచి నమస్కారం పెట్టాడు. ఆటలో మాత్రం ఆ మర్యాద లేదు. ఏడో వంతులో అతని గద్దలు ముందున్న ఈటెవాళ్లను ముట్టుకోకుండా వాళ్ల తలల మీదుగా ఎగిరి, నేరుగా వెనకున్న మూలికలమ్మ మీద పడ్డాయి. ఒకే వంతులో ఆమె పోయింది. ఆమె పోయాక మిగతావాళ్లు పోవడానికి ఎంతసేపు. పదకొండో వంతుకు కోట పడింది.

స్టెల్లా తెర మీద పడిపోయిన కోటను చూసింది. తర్వాత ఆశీష్ మొహం చూసింది. అది ఓడినవాడి మొహం కాదు, దొరికిపోయినవాడి మొహం. ‘కొంచెం ఇటు రండి’ అని అందరి ముందూ మర్యాదగా పిలిచి, మంచినీళ్ల ఫిల్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

“మూలికలమ్మను నువ్వెప్పుడూ కొట్టలేదు కదూ?”

ఆశీష్ గ్లాసులో నీళ్లు పట్టుకుంటూ ఒప్పుకున్నాడు. “కొట్టలేకపోయాను. తెల్ల బట్టల్లో నిలబడి ఉంటుంది. డ్యూటీ దిగి నువ్వొచ్చినట్టే ఉంటుంది. నా చెయ్యి అటు పోలేదు.”

“ముద్దొస్తున్నావు” అంది స్టెల్లా. “కానీ కొంప ముంచావు.”

ఆమెకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిట్లో దేన్ని ముందు బయటికి రానివ్వాలో తెలియక గ్లాసు లాక్కుని నీళ్లు తాగేసింది. ఇప్పుడు అర్థమవుతోంది. గురువారం తను గెలిచింది ఎత్తు వల్ల సగం, మొగుడి మెత్తదనం వల్ల సగం. ఆ రెండో సగం సొన్నప్ప దగ్గర దొరకదు.

రెండో ఆటలో ఆమె ఇద్దరు మూలికలమ్మలను పిలిచింది. ఒకరు పోయినా ఇంకొకరు ఉంటారని చెరొక మూలా నిలబెట్టింది. సొన్నప్ప గద్దలు ముందు ఒక మూలకు వెళ్లాయి, తర్వాత రెండో మూలకు వెళ్లాయి. ఈసారి ఇరవైరెండు వంతులు నిలిచింది. అయినా ఓటమి ఓటమే. మోహన్‌కుమార్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆశీష్ తన బల్ల మీదున్న చిన్న మొక్క కుండీని అట్టపెట్టెలో సర్దుతున్నాడు. మూడేళ్లలో అతను అక్కడికి తెచ్చుకున్న సొంత వస్తువు అదొక్కటే. అది చూసి స్టెల్లా కుర్చీని బల్లకు దగ్గరగా జరుపుకుంది.

కళ్లు మూసుకుంది. ఆమెకు వార్డు కనిపించింది. పొద్దున ఏడున్నరకు డ్యూటీ అప్పగించే వేళ. హెడ్ నర్సు పద్మావతమ్మ పట్టుదల ఒకటుంది. అప్పగించేటప్పుడు గది బయట నిలబడి చెప్పకూడదు, ఫోన్లో చెప్పకూడదు. వచ్చిన నర్సు, వెళ్లే నర్సు ఒకే మంచం పక్కన నిలబడాలి. కొత్తామె చెయ్యి పేషెంట్ మీద పడ్డాకే పాతామె చెయ్యి తీయాలి. స్టెల్లా నాలుగేళ్లుగా రోజూ అలాగే చేస్తోంది. సైనికులందరికీ షిఫ్టులు వేసిన మనిషి, నర్సుకు షిఫ్టు వేయడం మరిచిపోయింది. రెండోసారి వేసినా, ఆ ఇద్దరినీ చెరో వార్డులో పెట్టింది.

మూడో ఆటలో ఇద్దరు మూలికలమ్మలనూ భుజం భుజం ఆనేలా కోటగోడకు చేర్చి నిలబెట్టింది. ఏడో వంతులో గద్దలు తలల మీదుగా ఎగిరొచ్చి మొదటామెను కొట్టాయి. గోడ అడ్డు ఉండడంతో రెండు గద్దలకే చోటు దొరికింది. ఆమె గాయపడింది, చావలేదు. స్టెల్లా ఆమెను కోట లోపలికి పంపి, రెండో ఆమెను ఆ గడిలోకి జరిపింది. రెండో ఆమె పక్కనే ఉంది కాబట్టి మొదటామెకు కోటలోనే గాయం మానింది. ఇక ఆ రెండు గద్దలు? లోతుగా వచ్చేశాయి. చుట్టూ ఈటెలే. మళ్లీ ఎగరడానికి వాటి వంతు వచ్చేలోపే ఈటెలు పొడిచేశాయి.

సొన్నప్ప మొదటిసారి గడ్డం గోక్కున్నాడు. మళ్లీ నాలుగు గద్దలను పంపాడు. మళ్లీ అదే అప్పగింత. ఆశీష్ మొక్క కుండీని చేతిలో పట్టుకుని ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి ఆమె మెడకు తెలుస్తోంది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ముప్పైనాలుగో వంతులో చివరి గద్ద పోయింది. ముప్పైఆరులో సొన్నప్ప కోట పోయింది.

సొన్నప్ప ఫోను బల్ల మీద పెట్టి ఆమె వైపు చూశాడు.

“ఇన్నూట పదమూడు ఆటలు సుమ్నే, ఊరికే గెలిచినానక్కా” అన్నాడు. “ఇప్పుడు ఓడినాక ఆడినట్ల ఉండాది.” అని వెంటనే ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “గోడ పక్కనే కదా నీ ఆడోళ్లు నిలబడిండేది. గోడను ఎద్దుబండ్లతో గుద్దితే ఏమవుతాదో చూస్తామా? ఇంకొక ఆట.”

ఆశీష్ గుండె ఎగిరి గంతేసింది ఆ మాటకే. ఇన్నాళ్లూ గద్దలు తప్ప ఇంకో మాట ఎత్తని మనిషి ఎద్దుబండ్ల గురించి అడుగుతున్నాడు. గద్దలకు జవాబు దొరికింది. ఆ జవాబుకూ ఒక జవాబు ఉండవచ్చు. దానికి మళ్లీ ఇంకొకటి. ఆట బతికి ఉందనడానికి అంతకంటే ఏం కావాలి. మోహన్‌కుమార్ కళ్లద్దాలు పెట్టుకుని, సర్వర్ సంగతి సోమవారం మాట్లాడదామని ఎవరితోనో ఫోన్లో అన్నాడు. ఫోను పెట్టేశాక ఆశీష్‌తో చెప్పాడు: “మాటంటే మాటే. ఆట ఉంటాది. కొత్తగా వచ్చేవాళ్లకు మీ యామె షిఫ్టులు నేర్పించప్పా.”

ఆశీష్ కుండీని మళ్లీ బల్ల మీద పెట్టాడు. కొంచెం నీళ్లు కూడా పోశాడు.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు స్టెల్లా వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంది, ఆట తెరిచి ఉంది. చెప్పులు విప్పి, పక్కన ఒదిగి కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మొదటి ఆరు వంతులు ఎప్పటిలాగే నడిచాయి. ఏడో వంతులో ఆశీష్ చెయ్యి మౌస్ మీద ఆగింది. ఆమె వైపు చూశాడు. ఆమె కనుబొమ్మలు ఎగరేసింది, ఇంకేం చూస్తున్నావన్నట్టు.

అతని గద్దలు ఈటెవాళ్ల తలల మీదుగా ఎగిరి నేరుగా మూలికలమ్మ మీద పడ్డాయి.

స్టెల్లా కాఫీ ఒలికేంత నవ్వింది. యాభై ఆరు రోజుల సంసారంలో మొగుడు తనకిచ్చిన కానుకలన్నిటిలో ఇదే గొప్పదని ఆమెకు అనిపించింది. గ్లాసు పక్కన పెట్టి, గాయపడిన ఆమెను లోపలికి పంపి, రెండో ఆమెను ఆ చోటికి జరిపింది.

“ఇక నీ వంతు” అంది, అతని భుజం మీద తల ఆన్చి.

గోడమీది గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. అసలు టైము తొమ్మిదీ పాతిక. గురువారం నుంచీ దాన్ని సరిచేయడం ఇద్దరూ మరిచిపోయారు.