కట్టేసిన చేతులు

మైకు పలికిందని సూదికి జనం మెడలు చూస్తే తెలిసేది. ఐసీయూ బయట హాల్లో, కుర్చీల్లో కునికిపాట్లు పడుతున్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచేవి. ఎవరో ఒకరు చెప్పులు వెతుక్కుని గాజు తలుపు వైపు పరిగెత్తేవారు. మిగతా తలలు మళ్లీ వాలిపోయేవి. అలా లేచిన ప్రతిసారీ సూది కూడా లేచి, బల్ల దగ్గరకి వెళ్లి, గుండెల మీద చెయ్యి వేసుకుని, నన్నేనా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేది. బల్ల వెనక అమ్మాయి మొదట్లో తల అడ్డంగా ఊపింది. తర్వాత తర్వాత తలెత్తడం కూడా మానేసి, ఈగను తోలినట్టు చెయ్యి విదిలించింది.

సూది అన్నది ఆమెకు కాగితాల్లో ఉన్న పేరు కాదు. వినపడనివాళ్లు ఒకరికొకరు చేతులతో పెట్టుకునే పేర్లు వేరే ఉంటాయి. స్కూలు యూనిఫాంలు కుట్టే షాపులో పని చేస్తూ, మెడ పక్కన బట్టకి ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి, అక్కడ రెండు వేళ్లతో గిల్లినట్టు చేస్తే ఆమె. మూసిన గుప్పిట ఒక్కసారి విచ్చుకుంటే ఆమె మొగుడు, నిప్పురవ్వ. వెల్డింగు పని. ఇద్దరికీ పుట్టుకనుంచీ వినపడదు. వాళ్లింట్లో పోట్లాటొస్తే లైటు ఆర్పేసినవాళ్లదే గెలుపని నిప్పురవ్వ అక్కగారు వెక్కిరిస్తూ ఉంటుంది.

మొన్న పరంజా మీదనుంచి పడ్డాడు. కడుపులో తగిలిన దెబ్బకి ఆపరేషను చేశారు. విరిగిన ఎడమకాలికి గట్టి కట్టు వేశారు. ప్రాణానికి భయం లేదని ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు తన ఫోన్లో టైపు చేసి మరీ చూపించాడు. ఈ ఆస్పత్రిలో అంత ఓపిక చేసినవాడు అతనొక్కడే.

చేర్చుకున్నప్పుడే సూది తన చెవి చూపించి, లేదని చెయ్యి తిప్పింది. బల్ల దగ్గరి అమ్మాయి అయ్యో అన్నట్టు ముఖం పెట్టింది. ఆ జాలి ముఖం దాకానే ఆగింది, మైకు దాకా రాలేదు. ఇవాళ పొద్దున రోగుల్ని చూడనిచ్చే వేళకి ఒక స్ట్రెచరు ఆమె చూపుకి అడ్డొచ్చింది. ఆ కాసేపట్లో తలలు లేవడం, వాలడం అయిపోయాయి. పరిగెత్తుకెళ్లేసరికి గాజు తలుపు మూసేశారు. అమ్మాయి పెదాలు కదిలాయి. పిలిచాం, మీరే పలకలేదు. ఆ మాటని పెదాల మీద చదవడానికి సూది కష్టపడక్కర్లేదు. బ్యాంకులో, పోస్టాఫీసులో, రైలు టికెట్ల దగ్గర పుట్టిబుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. పైగా ఆ అమ్మాయి ఫోను రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుని, దింపి, పెదవి విరిచింది. ఫోను కూడా చేశాం, ఎత్తలేదు.

సూదికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే పిచ్చిదంటారు. కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నం లోపలి గది తుడిచే ఆవిడ బకెట్టుతో బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, సూది భుజం తట్టింది. గాజు తలుపు చూపించింది. తర్వాత తన రెండు మణికట్లూ ఒకదాని మీద ఒకటి ఆనించి బిగించి చూపింది. సూదికి అర్థం కాలేదు. లోపలికి వెళ్లొద్దనా? పోలీసులా? ఇంతలో కాపలావాడు కసిరినట్టున్నాడు, ఆవిడ తల వంచుకుని బకెట్టు తీసుకుపోయింది. సూది ఫోను తీసి వదినకి ఒక్క మాట పంపింది. రా.

వదిన సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మధ్యలోనే, టికెట్ల సంచి భుజాన ఉండగానే వచ్చేసింది. కిక్కిరిసిన బస్సులో కూడా ఆమె గొంతు చిట్టచివరి సీటు దాకా పోతుంది. చిన్నప్పుడు తమ్ముడితో ఆడుతూ చేతుల మాట కూడా అంత బాగానే నేర్చుకుంది.

"మా మరదలికి వినపడదని మీకు చెప్పింది కదా?" అని బల్ల దగ్గర అడిగింది.

"చెప్పారండీ. అందుకే సౌండు పెంచి పిలిచాం."

వదిన టికెట్ల సంచి బల్ల మీద పెట్టింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని పెద్దలు సామెత చెప్తే, మీరు దాన్ని డ్యూటీ అనుకున్నారా తల్లీ?"

ఇంకేమందో సూదికి కనపడలేదు గాని, గాజు తలుపు తెరుచుకుంది.

నిప్పురవ్వ చేతులు రెండూ మంచం పక్క కడ్డీలకి గాజుగుడ్డతో కట్టేసి ఉన్నాయి. సూది కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తుడిచే ఆవిడ చెప్పింది ఇదా!

వదిన నర్సుని నిలదీసింది. పొద్దున్నుంచీ చేతులు ఒకటే ఊపుతున్నాడని, ట్యూబులు పీకేసుకుంటాడని కట్టామని, మగత మందు కూడా ఇచ్చామని నర్సు చెప్పింది. వదిన ఆ మాటల్ని చేతుల్లోకి మార్చి సూదికి చెప్పింది. ఊపడం కాదు. మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నవాడి నోరు కట్టేసి, ఆ పైన నిద్రమందు పోశారు.

సూది దగ్గరకి వెళ్లి అతని ముఖం మీద చెయ్యి వేసింది. రెప్పలు బరువుగా విచ్చుకున్నాయి. గాజుగుడ్డ కింద కుడిచేతి వేళ్లు మాత్రం కదిలాయి, గొంతు పోయినవాడు గుసగుసలాడినట్టు. ఎక్కడికి పోయావు. కాలు. కట్టు బిగిసింది. కాలు చచ్చిపోతోంది.

పెద్ద డాక్టరు వచ్చాడు. వదిన వైపే చూస్తూ, ఆవిడకి చెప్పమ్మా, మందుల వల్ల అలజడి ఉంటుంది, కంగారు పడొద్దని చెప్పు, అన్నాడు. సూది వదిన చెయ్యి లాగి కాలు అని చెప్పింది. వదిన చెప్పింది. విరిగిన కాలు నొప్పి పెట్టదా అన్నాడాయన, సూది వైపు తల తిప్పకుండానే. ఇక వదినకి ఒళ్లు మండింది. మైకు, ఫోను, కట్టిన చేతులు, అన్నీ వరసపెట్టి కడిగెయ్యడం మొదలుపెట్టింది. డాక్టరు నోరు, నర్సు నోరు, వదిన నోరు, మూడూ ఆడుతున్నాయి. మంచం మీద ఆ వేళ్లని చూసేవాడు లేడు.

ముళ్లు విప్పడం సూదికి రోజూ పని. చిటికెలో కుడిచేతి గాజుగుడ్డ ఊడదీసింది. నర్సు అడ్డొచ్చేలోపు ఆ గుడ్డని తీసుకెళ్లి వదిన నోటికి అడ్డంగా పెట్టి, తల వెనక ముడి వేసేసింది.

వదిన కళ్లు పెద్దవి చేసింది. తర్వాత అర్థమై, కట్టిన మూతితోనే చేతులు కట్టుకుని పక్కకి జరిగింది.

అన్ని నోళ్లూ ఆగిపోయాయి. డాక్టరుకి చూడ్డానికి సూది తప్ప ఎవరూ మిగల్లేదు. ఆమె మొగుడి వైపు చెయ్యి చూపించింది. విడిపించిన చెయ్యి నెమ్మదిగా లేచి ఎడమ తొడని గిల్లి, కిందికి చూపించి, లేదని తిరిగింది. దానికి అనువాదం ఎవరికీ అక్కర్లేదు.

డాక్టరు దుప్పటి తీశాడు. కట్టు బయట కాలివేళ్లు పాలిపోయి, ఉబ్బి ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రాలేదు. డాక్టరు ముఖంలోనూ రాలేదు. ఎప్పటినుంచి అని నేరుగా సూదినే అడిగాడు, మెల్లగా, పెదాలు కనపడేలా. ఆమె అడిగితే నిప్పురవ్వ వేలితో సూర్యుడు పొడవడం చూపించాడు. నర్సు తల దించుకుంది.

డాక్టరు ఫోన్లో టైపు చేశాడు. ఇప్పుడే కట్టు కోసి కాల్లో ఒత్తిడి తగ్గించాలి. కాలు నిలుస్తుందో లేదో ఆ తర్వాతే తెలుస్తుంది. సూది ఆ ఫోను లాక్కుని కింద తన మాట కొట్టింది. ఆయన చేతులు మళ్లీ కట్టొద్దు.

మళ్లీ అదే హాలు, అవే కుర్చీలు. వదిన నోటి గుడ్డ మెడలోకి జారి అలాగే ఉంది. చాలాసేపటికి తలలు లేచాయి. వదిన కూడా దిగ్గున లేవబోయింది. సూది ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

మనల్నే పిలుస్తున్నారే, అన్నాయి వదిన చేతులు.

నన్ను పిలవలేదు, అంది సూది.

తలలు రెండోసారి లేచాయి.  అయినా సూది లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని బల్ల వైపే చూస్తూ కూర్చుంది. మూడోసారి తలలన్నీ ఆమె వైపే తిరిగాయి. అప్పుడు బల్ల వెనక అమ్మాయి మైకు పెట్టేసి, కుర్చీ వెనక్కి నెట్టి, హాలంతా దాటి నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. భుజం తట్టింది. చెప్పాల్సింది చేతుల్లో లేక కాసేపు తడబడింది. తర్వాత చెప్పులోంచి ఎడమపాదం బయటికి తీసి, వేళ్లు కదిపి చూపించింది.

సూదికి మొదటిసారే అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెప్ప వాల్చకుండా ఆ అమ్మాయిని చూస్తూ, మళ్లీ చెప్పమని వేలితో సైగ చేసింది.