ఎదురువాటా గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. ఇద్దరికి సరిపడా కూర పడుతుంది నాలో. అంతకు మించి చెప్పుకోదగ్గ గొప్ప నాకు లేదు. ఎక్కడో పెద్ద ఊళ్లో రేకుగా ఉండి, అచ్చులో పడి గిన్నెనై, గడ్డి చుట్టుకుని మండపేటలోని పాత్రల కొట్టుకు వచ్చాను. అక్కడ మంగతాయారు గారు నన్ను వేలితో మీటి చూసి, మోత బాగుందని కొన్నారు. కొట్టతను సన్నటి సూదిమరతో నా అంచు కింద ఆవిడ పేరు చెక్కాడు. మనుషులు గిన్నెల మీద పేర్లు చెక్కించేది అవి ఇంకొకరి ఇంటికి వెళతాయని తెలిసే. ఎక్కడికీ వెళ్లని గిన్నెకు పేరెందుకు? ఈ సంగతి తలుచుకుంటే నాకు చాలాకాలం గర్వంగా ఉండేది.

మంగతాయారు గారు పెళ్లి చేసుకోలేదు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తూ, మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ యాభై దాటారు. ఉద్యోగం అయిపోయింది, తల్లీ పోయింది. చెయ్యి మాత్రం ఇద్దరి కొలతను వదల్లేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే ఇద్దరి బియ్యమే వచ్చేవి. కూరా అంతే. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి, రాత్రి మిగిలింది పొద్దుటికి. ఆవిడ పొయ్యి పక్కన నిలబడే తినేసేవారు. ఒక్క మనిషి కోసం పీట వాల్చుకోవడం పెద్ద పనిలా తోచేది కాబోలు.

ఆ రోజుల్లో ఎదురువాటాలో గంగరాజు గారు అద్దెకు దిగారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భార్య వీరలక్ష్మి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన సామాను దించుకున్న పూట మంగతాయారు గారు పనసపొట్టు కూర వండి, నన్ను నింపి, పైన పళ్లెం మూసి, వాకిలి దాటి వెళ్లి ఇచ్చారు.

"కొత్త ఇల్లు కదండీ, అన్నీ సర్దుకునేసరికి పొద్దుపోద్ది. ఇది ఉంచండి."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేముందండి. ఒక్కదానికి వండుకోడం నాకింకా చేతకాలేదు."

"నాకసలు వండుకోడమే చేతకాదండి," అన్నారాయన.

ఇద్దరూ నవ్వారు. ఇక నా బతుకు ఆ వాకిట్లో అటూ ఇటూ తిరగడంలోనే గడుస్తుందని మురిసిపోయాను.

ఆయన కూరంతా తిన్నారు. నన్ను తోమి, చాలదన్నట్టు మళ్లీ తోమారు. ఆపైన నన్ను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. ఇచ్చినవాళ్లకు వట్టి గిన్నె తిరిగి పంపకూడదు. మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇస్తారు. వీరలక్ష్మి ఉన్నన్నాళ్లూ వాళ్ల ఇంటి నుంచి ఏ గిన్నే ఉత్తగా వెళ్లలేదు. ఆయన పంచదార డబ్బా తీసి నాలో కాస్త వేశారు. కాసేపు చూశారు. అంత ఓపికగా వండి పెట్టిన మనిషికి పంచదారా అనుకుని, తిరిగి డబ్బాలో పోసేశారు. స్వయంగా ఏదైనా వండి ఇవ్వాలనుకున్నారు.

మర్యాద తెలియని మనిషైతే నన్ను ఆ సాయంత్రమే ఇచ్చేసేవాడు.

పప్పు వండితే మాడింది. దుంపల వేపుడు ఉప్పు కషాయమైంది. రోజులు గడిచాయి. మర్నాడైతే పంచదార సరిపోయేది. వారం దాటాక డజను అరటిపళ్లైనా కావాలనిపించింది. నెల దాటాక ఏం పెట్టి ఇచ్చినా తక్కువే అనిపించింది. ఆలస్యం అయినకొద్దీ మనుషులు ఇవ్వవలసినదాన్ని మనసులో పెంచుకుంటూ పోతారు. పెంచి పెంచి, ఆఖరికి మొయ్యలేక మానేస్తారు.

ఒక పొద్దున ఆయన ధైర్యం చేసి, నాలో అరటిపళ్లు సర్ది గడప దాకా వచ్చారు. వంటింటి కిటికీ పక్కనే అందరి కుళాయి. అక్కడ ముందువాటాలో ఉండే ఇంటి యజమానురాలు నూకరత్నం గొంతు వినిపించింది.

"ఏవే తాయారూ, నీ గిన్నె ఇంకా కండక్టరు గారి దగ్గరేనా?"

"ఉండనీ అక్కగారూ. నాకేం గిన్నెలు లేవా?"

"కండక్టర్లు చిల్లర ఎగ్గొడతారని తెలుసుగానీ, గిన్నెలు కూడానా? చూస్కో మరి. ఇయ్యాల గిన్నె, రేపు వండినామెను కూడా ఉంచేసుకుంటాడు."

"ఊరుకోండి, వింటే బాగోదు."

విన్నారు. గడప దగ్గర నుంచే వెనక్కి తిరిగి, కిటికీ మూసి, ఆ అరటిపళ్లు తానే తిన్నారు. అవతల మంగతాయారు గారు కుళాయికి వచ్చే వేళ మార్చుకున్నారు. అతిగా చనువు తీసుకున్నానేమోనని, కూర నచ్చలేదేమోనని ఆవిడ మథనపడ్డారట. అంతకుముందు పొద్దున్నే రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి. ఇప్పుడు ఒకటి తెరుచుకున్న చప్పుడు వింటే రెండోది ఆగేది.

ఒక సాయంత్రం ఆయన రవ్వకేసరి మొదలుపెట్టారు. రవ్వ మాడింది. మూకుడు దించి నన్ను అందుకుంటుండగా తలుపు చప్పుడైంది. కిటికీ సందులోంచి చూశారు. మంగతాయారు గారు. ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉన్నారు.

"రాజు గారూ, ఉన్నారాండీ?"

గిన్నె కోసమే వచ్చారనుకున్నారాయన. పొయ్యి దగ్గర మాడిన రవ్వ, చేతిలో వట్టి గిన్నె. కదలకుండా నిలబడిపోయారు. ఆ చేతిలోంచి జారి కిందపడి మోగాలని నాకెంత ఆశగా ఉందో చెప్పలేను. ఆయన నన్ను గట్టిగా గుండెకు అదుముకున్నారు.

ఆవిడ ఇంకోసారి పిలిచారు. కాసేపు ఆగారు. చెప్పుల చప్పుడు దూరమైంది.

రెండు రోజులకు కేసరి కుదిరింది. జీడిపప్పు కూడా ఎర్రగా వేగింది. ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, నన్ను నింపుకుని, వాకిలి దాటారు. ఎవరు చూసినా సరే అనుకున్నారేమో, తల ఎత్తుకునే నడిచారు. ఆ తలుపుకు తాళం ఉంది.

"తాయారా? మొన్న సాయంత్రమే ఎళ్లిపోయిందండి," అంది నూకరత్నం. "కాకినాడ అవతల ఆడాళ్ల ఆశ్రమం ఉందంట, అందులో చేరింది. మీకు చెప్పొస్తానని వచ్చిందే? తలుపు తియ్యలేదు, నిద్రపోతున్నారేమో అంది."

"ఎందుకెళ్లారండీ?"

"అక్కడైతే నలుగురితో కూచుని తినొచ్చంట. ఈ గోడల్ని చూస్తా ఎన్నాళ్లు తినను అక్కా అంది. నా నోరు కూడా మంచిది కాదులెండి."

ఆదివారం ఆయన మళ్లీ కేసరి చేశారు. నన్ను తువ్వాల్లో మూటగట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో కూర్చున్నారు. దారంతా మూట మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆశ్రమం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మూట విప్పగానే మంగతాయారు గారు ముందు నన్ను చూశారు, తరువాత ఆయన్ని.

"దీనికోసం ఇంత దూరం వచ్చారా?"

"వట్టిగా ఇవ్వలేకనండి," అంటూ పళ్లెం తీశారు. "నేనే చేశాను. చాలా మాడ్చాక కుదిరింది."

ఆవిడ నెయ్యి వాసన పీల్చి, చాలాసేపు కేసరినే చూశారు.

"నాకు షుగరండి. పదేళ్లయింది."

ఎదురెదురు తలుపుల మధ్య ఆపాటి మాటైనా జరగలేదని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. ఆవిడ వేలికొసతో కాస్త తీసి నాలుక మీద వేసుకున్నారు. "బాగా కుదిరింది," అని, మిగిలింది వరండాలో వాళ్లందరికీ పెట్టారు. "మా ఎదురువాటా ఆయన చేసుకొచ్చారు, తినండి."

ఒక ముసలావిడ వేళ్లు నాకుతూ అంది: "ఎదురువాటాలో ఇలాంటాయన ఉంటే ఇక్కడికెందుకొచ్చావే పిల్లా?"

అందరూ నవ్వారు, ఇద్దరు తప్ప.

"మీరు గిన్నె అడగాల్సిందండి తాయారు గారూ," అన్నారాయన నెమ్మదిగా. "ఒక్కమాట అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి."

"అందుకే అడగలేదండి. అడిగితే గిన్నె వచ్చేసేది."

లోపల భోజనాల గంట కొట్టారు. పంక్తి ఎవరి కోసమూ ఆగదు. ఆవిడ లేచారు. ఆయన తువ్వాలు మడత పెట్టుకుని, పెట్టుకున్న మడతే విప్పి మళ్లీ పెట్టుకుని, గేటు వైపు నడిచారు.

నేను ఇక్కడే ఉన్నాను, ఆవిడ మంచం పక్కన. ఇక్కడ ఎవరికీ సొంత వంట లేదు. నాలో మందుబిళ్లలు వేసుకున్నారు. ఆదివారం వస్తే ఆవిడ పెందలాడే తల దువ్వుకుని, గేటు కనిపించే చోట కూర్చుంటారు. ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, బస్సు మెట్లు ఎక్కడం కష్టమట. వచ్చే ఆదివారాల కంటే రాని ఆదివారాలే ఎక్కువ. వచ్చినప్పుడు ఏమీ తేరు, ఉత్త చేతులతో వస్తారు. ఆవిడ పక్క కుర్చీ కాస్త దగ్గరగా జరిపి, కూర్చోమంటారు.